నలభై ఒకటో నంబరు కానుగ

పొద్దున్న ఏడింటికే సుభాని ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఏలూరు కాలవగట్టు వీధిలో చెట్ల మొదళ్లు చూసుకుంటూ వస్తున్నాడు. కొత్త డ్రైన్ కోసం కొట్టెయ్యాల్సిన చెట్టుకి ఇంటూ గుర్తు పెట్టాలి. బక్క మనిషి, వంగిన వీపు, గోళ్లలో ఎప్పటిదో సున్నం. ముప్పై ఏళ్ల మున్సిపల్ తోటమాలి ఉద్యోగం ఇవాళ్టితో సరి. నాలుగింటికి ఆఫీసులో సన్మానం.

నలభై ఒకటో నంబరు కానుగ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగవు మరి! నాటింది తనే. డ్రైన్‌కి ఎడంగా నాటమని అప్పట్లో చెప్పారు. ట్యాంకరు పైపు అంతదూరం అందక, అందినచోటే గొయ్యి తీసేశాడు. ఇప్పుడు దాని వేళ్లు డ్రైన్ గోడ పగలగొట్టాయి. తప్పు తను చేసి చెట్టుని నరికించడానికి అతనికి మనసొప్పలేదు.

కానుగ నీడలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అచ్చమ్మ డబ్బా వైపు చూసింది.

"గుర్తెట్టేస్తారా ఏంటండీ? బొగ్గుల సెగకి తోడు నెత్తిమీద ఎండంటే ఇంక నేను మాడిపోతానండీ."

సుభాని డబ్బా కింద పెట్టి ఇంజనీరు హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేశాడు.

"కొత్త డ్రైన్ రెండడుగులు రోడ్డు వైపు జరిపితే చెట్టు బతుకుద్దండీ."

"అటువైపు పెద్ద వేరుంటే తెగుద్ది కదండీ. గాలివానకి చెట్టు ఎవరి మీదన్నా పడితే? వేరు లేదని చూపించండి, మారుస్తాను. సాయంత్రం లిస్టు పంపాలి."

సుభాని సైకిలుకి కట్టిన పలుగు తీసి, రోడ్డు వైపు పైమట్టి పెళ్లగించి, తర్వాత పలుగు అవతల పడేశాడు. వేరుకి గాటు పడితే ఇంకేమన్నా ఉందా! తాపీతో గీకి, చేత్తో తోడాడు. మధ్యాహ్నం అచ్చమ్మ మజ్జిగ ఇస్తే నిలబడే తాగాడు. నాలుగింటికి ఫోన్ మోగింది, మళ్లీ మోగింది. చేతులు మట్టిలో ఉన్నాయి.

అయిదింటికి హేమంత్‌కుమార్ శాలువా సంచితో వచ్చాడు. గోతిలోకి దిగి టేపు పట్టాడు. మూడడుగుల లోతు వరకూ పీచువేళ్లే. లిస్టులోంచి నలభై ఒకటో నంబరు తీసేశాడు.

"తన సన్మానానికి తనే రాని మనిషిని మిమ్మల్నే చూశానండీ," అని గోతిగట్టు మీదే శాలువా కప్పాడు. సుభానికి కళ్లనీళ్లు తిరిగాయి.

"గొయ్యి పూడ్చకండి. పొద్దున్నే మేస్త్రీ కొలత తీసుకుంటాడు," అని చెప్పి అతను వెళ్లిపోయాడు.

సుభాని గోతిలోకి చూశాడు. "గోనెసంచి ఉందా అచ్చమ్మా?"

"లేదండీ. ఎందుకండీ?"

అతను శాలువా తీసి బండి పక్కనున్న నీళ్ల బక్కెట్లో ముంచాడు.

"అయ్యయ్యో, జరీ శాలువానండీ! ఇంటికాడ మీ ఆవిడ మహబూబ్ బీ గారు ఊరుకుంటారా?"

"అరుస్తుందిలే. ఈ పీచువేళ్లు రాత్రంతా గాలికి ఎండితే కష్టమమ్మా."

సైకిలెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. మూత తీయని రంగు డబ్బా హ్యాండిల్‌కి ఊగుతోంది. గోతిలో కానుగ వేళ్ల మీద తడి శాలువా పరిచి ఉంది, జరీ అంచుకి మట్టి అంటుకుని.