ఆయుధ పూజకు కూర్చున్న డాంగిల్

నేను ఒక డాంగిల్‌ని. బొటనవేలంత ఉంటాను. చిప్పుల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవిని. నన్ను సర్వర్‌కు గుచ్చితేనే అది తెరుచుకుంటుంది. లేకపోతే ఎంత చదువుకున్నవాళ్లయినా గుడ్లప్పగించి చూడాల్సిందే. మనుషులకు సాయపడటానికి పుట్టాననుకుంటే అది మీ ఖర్మ. నన్ను చేసిందే వద్దనడానికి.

నన్ను తయారుచేసిన బెంగళూరు వాళ్లది చిన్న కంపెనీ. సరుకు చవక, పని గట్టిది. మాదాపూర్‌లో ఆఫీసు పెట్టుకుని, వినికిడి మిషన్లకు చిప్పు గీస్తున్న హైమవతి నన్ను కొనుక్కుంది. ఈ బజారులో చిన్నవాడు బాగుపడితే పెద్దవాడికి కడుపుమంట. పోటీపడటానికి బద్ధకం, అందుకని కొనేస్తాడు. అలాగే ఒక పెద్ద కంపెనీ నావాళ్లను కొని, మా సాఫ్ట్‌వేర్‌ను మూసేసింది.

ఆ కంపెనీ సేల్స్ మనిషి శశాంక్ నవ్వుకుంటూ ఊడిపడ్డాడు. వాడి నవ్వంటే నాకు ఒళ్లుమంట.

"పాతది ఇంక రాదు మేడమ్. మాదాంట్లోకి వచ్చేయండి."

"మేం గీసినవి మీదాంట్లో తెరుచుకుంటాయా?"

"తెరుచుకోవు మేడమ్. మళ్లీ గీసుకోవాలి."

"అయితే వద్దులెండి. ఈ డాంగిల్ ఉన్నన్నాళ్లూ మా పని మేం చేసుకుంటాం."

ఏటా ఆయుధ పూజకు సర్వర్ ఆపి, నన్ను ఊడదీసి, ఇత్తడి పళ్లెంలో పెట్టి బొట్టు పెట్టేవాళ్లు. ఊడదీసిన నన్ను మళ్లీ గుచ్చితే, చేసినవాళ్లు అవతలినుంచి సరేనంటేనే పనిచేస్తాను. హైమవతి ఫోన్ చేసేది. బెంగళూరు వాళ్లు "పండగ బాగా జరిగిందా?" అని అడిగి తెరిచేవాళ్లు. అలవాటు చెడ్డది. ఆ ఏడూ హైమవతి చేయి దానంతటదే నన్ను ఊడదీసింది. చిప్పు బొమ్మను ఫ్యాక్టరీకి పంపడానికి వారమే గడువు. "నువ్వే మాకు దిక్కు" అని హైమవతి దండం పెట్టింది. సరేననే దిక్కు అవతల లేదని నాకు గుర్తొచ్చేసరికి నా నోట్లో కుంకుమ పడింది.

పూజయ్యాక నన్ను మళ్లీ గుచ్చితే తెర మీద 'అనుమతి లేదు' అని వచ్చింది. బెంగళూరు నంబరుకు చేస్తే శశాంక్ ఎత్తాడు.

"అయ్యో మేడమ్, పాతవి తెరవడం మా పాలసీ కాదండీ."

గడువు దాటి, ఫ్యాక్టరీలో హైమవతి వంతు వేరేవాళ్లకు పోయింది. ఆమె శశాంక్ చూపించినచోటల్లా సంతకం పెట్టి, చిప్పును మొదటి గీత నుంచి మొదలుపెట్టింది. నన్ను డ్రాయర్‌లోకి విసిరింది. జాలిపడటం నాకు రాదు గానీ, ఆ విసురు నా మీద కాదని తెలుసు.

మళ్లీ దసరా వచ్చింది. చిప్పు ఇంకా సగంలోనే ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ తాళం చేతికిచ్చేది కాదు, వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏడాదికోసారి డబ్బు కట్టించుకుని, వాళ్లకు బుద్ధి పుడితే తెరుస్తారు. పళ్లెంలో పెట్టడానికి ఏమీ లేదు. పులిహోర తినడానికి శశాంక్ మాత్రం వచ్చాడు. హైమవతి డ్రాయర్ లాగి, నన్ను తీసి పళ్లెంలో పెట్టింది.

"మేడమ్, అది పనిచేయదు కదా?"

"చేయదు. కానీ ఇది నేను కొనుక్కున్నది శశాంక్ గారూ. మీ దగ్గర నేను అద్దెకుంటున్నాను. అద్దింటికి బొట్టు పెట్టమంటారా?"

వాడి నవ్వు ఆగిపోయింది. పులిహోర ప్లేటు పట్టుకుని గుమ్మం వైపు జరిగాడు. హైమవతి నాకు బొట్టు పెట్టింది. మామూలుగా కుంకుమంటే నాకు గిట్టదు. ఆ పూట మాత్రం గిట్టింది.