రెండు చుక్కలూ ఒక గీతా

బలసముద్రం గొర్రెల సంఘానికి సైటు చేసిపెట్టింది ధనంజయ. "సైటంటే ముప్పై నలభై అడుగుల జాగా అనుకుంటి గదప్పా, ఇదేంది ఫోన్లో ఉండాది" అన్నాడు సంఘం అధ్యక్షుడు ముత్యాలప్ప, అతని నాయనే.

ఊరి పక్కనున్న సోలారు ప్లాంటు, పలకల కింద గడ్డి పెరగకుండా సంఘం గొర్రెల్ని మేపుకోనిస్తుంది. గేటు తెరిచే నంబరు ఆ సైటులో సభ్యులకు మాత్రమే కనిపిస్తుంది. అమ్మకానికున్న పొట్టేళ్ల ఫోటోలు మాత్రం ఎవరైనా చూడొచ్చు. నంబరు బయటపడితే మేత బందు. బయట ఎండుగడ్డి కూడా లేదు, ఉన్నదల్లా ఎండే.

ఆదివారం పావగడ నుంచి అక్క నేత్రావతి వచ్చింది. ఆమెదీ కంప్యూటర్ ఉద్యోగమే. పొట్టేలు ఫోటో తెరిచి పైన చిరునామా చూసింది.

"ఫోటో పేరున్న చోట రెండు చుక్కలూ ఒక గీతా కొడితే ఫోటోల గదిలోంచి నంబరు దాచిన పైగదికి పోవచ్చు. తెలుసు గదరా?"

"తెలుసక్కా. అవి యాడ కనపడినా నా ప్రోగ్రాము తీసి పారేస్తాది."

"తీసినాక మళ్లీ చూస్తాదా?"

ధనంజయ గొర్రెల ఇంట్లో పెరిగినవాడు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి, పక్క మందది కలిసొస్తే చెవి పట్టి బయటికి లాగి తడిక వేసేస్తారు. మళ్లీ ఎవరూ చూడరు. ప్రోగ్రామూ అలాగే రాశాడు.

అక్క రెండు చుక్కలకూ గీతకూ నడుమ ఇంకో రెండు చుక్కలూ గీతా ఇరికించింది. ప్రోగ్రాము నడిమివాటిని లాగేసింది. మిగిలినవి దగ్గరికి జరిగి, మళ్లీ రెండు చుక్కలూ ఒక గీతా అయి, గీత దాటించాయి. తెర మీద గేటు నంబరు తేలింది. తమ్ముడికి పట్టపగలే చుక్కలు కనబడ్డాయి.

"సరిచేస్తా. ఎవరికీ చెప్పొద్దక్కా."

"ఇంతకుముందే ఎవరన్నా చూసింటే?"

"చెప్తే మేత పోతాది పాపా" అన్నాడు ముత్యాలప్ప.

"చెప్పకుండా ఉండి, ఆడ దొంగలు పడి కేబుల్ పోతే, మేతా పోతాది, నీ కొడుకూ పోతాడు స్టేషన్‌కి."

ధనంజయ చుక్కల వెంట పడటం మానేశాడు. చివరికి తెరుచుకోబోయే ఫైలు ఫోటోల గదిలోదైతేనే ఇచ్చేలా ప్రోగ్రాము మార్చాడు. తర్వాత ప్లాంటు మేనేజరు సంజీవప్ప దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆయన అప్పటికప్పుడే గేటు నంబరు మార్చేశాడు.

"కొత్తది సైటులో పెట్టాల్నా సార్?"

"నీ తలకాయలో పెట్టుకోప్పా. దినామూ నువ్వే వచ్చి తెరువు, నువ్వే మూయి. ఇంకెవరన్నా తెరిస్తే మేత లేదు."

మర్నాడు మంద ముందు నడుస్తున్న కొడుకును చూసి ముత్యాలప్ప నిట్టూర్చాడు. "ఇంజనీరు చదివించింది గొర్రెలు తోలేకా?"

"నువ్వు ఎనక నడువు నాయనా. గొర్రెపిల్లలు ఆడే నిలబడినాయి."