తలుపు వెనక గొంతు

మా అవ్వ జీవమ్మకు అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలాయన నవ్వితే నీళ్లు ఎక్కువ కలిపాడంటుంది, నవ్వకపోతే కలిపి భయపడుతున్నాడంటుంది. అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని, కమలాపురంలో ముందొక గది వెనకొక వంటిల్లు ఉన్న రేకుల ఇంట్లో కూర్చుని, నేను ఐర్లాండులో ఒక యూనివర్సిటీ వాళ్ల ఇంగ్లీషు కోర్సు చదివాను. ఎంత ప్రశాంతంగా చదివి ఉంటానో మీరే ఊహించుకోండి.

సంగతేమిటంటే, ఆ యూనివర్సిటీ నాకు ఫుడ్ సైన్సులో ఎమ్మెస్సీ సీటు ఇచ్చింది. ఫీజు కూడా మాఫీ చేసింది. ఇంగ్లీషు మార్కు మాత్రం వాళ్లు అడిగినదానికి కొంచెం తగ్గింది. అందుకని ఒక మెలిక పెట్టారు. వేరే దేశాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం వాళ్లే నడిపే ఇంగ్లీషు క్లాసుల్లో ఆ వేసవంతా ఆన్‌లైన్‌లో కూర్చోవాలి, చివర్లో మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. పాసైతే సీటు నాది. లేకపోతే సీటూ లేదు, మాఫీ లేదు.

ఇదంతా అవ్వకు విడమర్చి చెప్పాను. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ విన్నది.

"అంటే, తీసకపొయ్యేదానికి ముందే భాష నేర్పిస్తాండారా?"

"అవునవ్వా."

"అయితే ఏజెంట్లే," అని తేల్చేసింది.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమెను తప్పు పట్టలేను. మా అమ్మ రూతమ్మను కువైట్ పంపిన ఏజెంటు కూడా ముందు భాషే నేర్పించాడు. రాజంపేటలో ఒక మేడమీద గదిలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఇంటిపనికి కావలసిన అరబ్బీ మాటలు బట్టీ పట్టించాడట. నీళ్లు, టీ, చీపురు, సరేనమ్మా, వస్తున్నానమ్మా. అమ్మ అన్నీ బుద్ధిగా నేర్చుకుని వెళ్లింది. అక్కడ ఆ ఇంట్లో గాజులు కనబడకపోతే దొంగతనం అమ్మ నెత్తిన పెట్టారు. నేను తియ్యలేదు అని చెప్పుకునే మాట రాజంపేట గదిలో ఎవరూ నేర్పలేదు. కొన్నాళ్లు జైల్లో పెట్టి, తర్వాత విమానం ఎక్కించి పంపేశారు. ఊళ్లో అమ్మ ఎదురుపడితే జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ జబ్బు చేసి పోయింది. నాన్న అంతకుముందే వేరే కాపురం పెట్టుకున్నాడు. నన్ను పెంచింది అమ్మను కన్న ఈ అవ్వే.

అక్కడ పొద్దున మొదలయ్యే క్లాసు మాకు మిట్టమధ్యాహ్నం వచ్చేది. పైన రేకులు కాగుతుంటే, చెమట తుడుచుకుంటూ కూర్చునేదాన్ని. టీచరు పేరు హెలెన్. క్లాసులో వియత్నాం పిల్లవాడొకడు, టర్కీ నుంచి ఒకామె, ఇంకా ఏయే దేశాల వాళ్లో ఉండేవాళ్లు. మొదట్లో అన్నీ పరిచయం ప్రశ్నలే. అవ్వ నా వెనక గోడకు ఆనుకుని కూర్చుని, క్లాసు కాగానే ఒక్కో ప్రశ్నకూ తెలుగు అడిగేది.

"ఆ యమ్మ ఏం అడగతాంది?"

"మీ ఇంట్లో ఎవురెవురు ఉండారు, వంటొచ్చునా, ఎప్పుడన్నా ఇల్లిడ్సి దూరంగా ఉన్న్యావా అని."

"చూస్తివా? వాడూ ఇవే అడిగె మీ అమ్మను. ఒగటి గూడా తప్పలేదు."

"మాట్లాడటం నేర్పేదానికి అడుగుతారవ్వా. ఎవురైనా అవే అడుగుతారు."

"అదే నేనూ చెప్తాండేది. ఎవురైనా అవే అడగతారు."

టర్కీ ఆమె మరీ నవ్వుతోంది కాబట్టి ఆడవాళ్లను పోగుచేసే మనిషి ఆమేనంది. వియత్నాం పిల్లవాడు అసలు నవ్వడు కాబట్టి వాడు కాపలా మనిషట. హెలెన్ ఒకసారి ఇంటర్నెట్ సరిగా లేక మాట ఆగిపోతే, "పక్కనోల్లను అడిగి చెప్తాంది," అంది.

నవ్వుకుని వదిలేసేదాన్నే గానీ, క్లాసు మధ్యలో మాటిమాటికీ వైఫై పోవడం మొదలైంది. కరెంటోళ్లను తిట్టుకున్నాను. ఒకరోజు వైఫై పోయినప్పుడు చూస్తే పక్కింట్లో టీవీ మోగుతోంది. లేచి వెళ్తే అవ్వ స్విచ్చుబోర్డు దగ్గర నిలబడి ఉంది.

"ఎలక తిరుగుతాంటే చూస్తాండా," అంది.

ఆ రోజు నుంచి నాకూ అనుమానమే. వైఫై డబ్బాను నా కాళ్ల దగ్గర పెట్టుకుని, ఒక కన్ను హెలెన్ మీద, ఒక కన్ను అవ్వ మీద వేసి చదివాను. ఆమె వాళ్లను నమ్మదు, నేను ఆమెను నమ్మను. ఆమెతో ఒకే కంచంలో తిని పెరిగాను కదా, ఆ బుద్ధులు రాకుండా ఎక్కడికి పోతాయి.

పరీక్ష రోజు వచ్చింది. మొదలుపెట్టే ముందు హెలెన్ లాప్‌టాప్ ఎత్తి గది నాలుగు మూలలూ చూపించమంది. మంచం కింద, బీరువా వెనక, చివరికి జుట్టు వెనక్కి తీసి చెవులు కూడా చూపించాను. ఇయర్‌ఫోన్లు ఉండకూడదు, గదిలో ఇంకో మనిషి ఉండకూడదు.

"ఊర్లో పార్టీల కొట్లాటల కాలంలో పోలీసోల్లు గూడా మంచం కిందే చూసి పాయిరి. చెవులు చూడలా," అని గొణుక్కుంటూ అవ్వ వంటింట్లోకి వెళ్లింది. తలుపు దగ్గరికి లాగుతూ, "నువ్వు రాసుకో పాపా. నేనీడ ప్రార్థన చేసుకుంటాంటా," అంది.

నా మనసు ఎంత మెత్తబడిందో చెప్పలేను. ఇన్నాళ్లూ అనవసరంగా అనుమానించానే అనుకున్నాను. "మెల్లగా చేసుకోవ్వా," అన్నాను. మా సంఘంలో మనసులో ప్రార్థన చేసుకునే అలవాటు ఎవరికీ లేదు. దేవుడికి చెవుడు లేదని లేవి పాస్టరు ఎన్ని ఆదివారాలు చెప్పినా, నోరు తెరిచి అడగనిది ఆయన ఎలా ఇస్తాడని మా వాళ్ల వాదన.

తలుపవతల గొణుగుడే గానీ మాటలు తెలియడం లేదు. మొదట్లో నాకు మాట తడబడింది. తర్వాత హెలెన్, బాగా కష్టపడిన ఒక మనిషి గురించి చెప్పమంది. ముందుగా అనుకున్న జవాబులన్నీ పక్కకు పోయి, నా నోటికి అమ్మ వచ్చింది. నా తల్లి పేరు రూతమ్మ అని మొదలుపెట్టి, కువైట్ గురించి చెప్పాను, గాజుల గురించి చెప్పాను, ఆమె తియ్యలేదని చెప్పాను. తెలుగులో ఎవరితోనూ అనలేదు ఈ మాటలు. ఇంగ్లీషులో గడగడా వచ్చేశాయి.

పాసవుతాననే ధైర్యంతో ఉంటే మెయిల్ వచ్చింది. నా రికార్డింగులో రెండో గొంతు వినిపించిందట. పరీక్ష సగం దాకా, నేను జవాబు చెప్పే ముందల్లా ఆ గొంతు ఏదో చెబుతోందట. ఎవరో జవాబులు అందించారని అనుమానం. ఫలితం ఆపేశారు, విచారణకు రమ్మన్నారు.

ఈ సంగతి అవ్వతో చెప్పాను. "సీటు పోతాదా?" అని అడిగింది.

"పొయ్యేట్లే ఉండాది. నువ్వు నా కోసరం ప్రార్థన చేస్తాంటివని చెప్తా. వాండ్లు అడిగితే నువ్వూ చెప్పు."

"నన్నెందుకు లాగుతావు మధ్యన? నేనేం మాట్లాడను," అని లేచి కొళాయి దగ్గరికి వెళ్లిపోయింది. తెల్లవాళ్ల ముందు కూర్చోవడానికి సిగ్గుపడుతోందనుకున్నాను. కానీ బిందె ఎత్తుకుని వచ్చేటప్పుడు ఆమె ముఖంలో కంగారు లేదు. ఏదో బరువు దిగినట్టుంది. అది నాకు నచ్చలేదు.

విచారణలో హెలెన్‌తో పాటు పరీక్షల అధికారి ఒకాయన ఉన్నాడు. తెలుగు వినడానికి అక్కడే పనిచేసే నవీద్ అనే ఆయన్ను కూర్చోబెట్టారు. "మాది బద్వేలమ్మా," అని ఆయన అనగానే, మా పక్క మనిషేనని నాకు ప్రాణం లేచొచ్చింది. మా అవ్వ నేను పాసవ్వాలని పక్క గదిలో ప్రార్థన చేసింది, అంతే, అని ఇంగ్లీషులో స్పష్టంగా చెప్పాను. అధికారి తలూపి, అయితే ఒకసారి విందాం అన్నాడు.

హెలెన్ ప్రశ్న వినిపించింది. నేను తడబడుతున్న చోట ఆ రెండో గొంతును పెంచి పెట్టారు. ఇయర్‌ఫోన్లు లేవు కాబట్టి ఇల్లంతా వినబడింది.

"ప్రభువా, ఈ బిడ్డ నోరు కట్టెయ్యి తండ్రీ. మాట రానీయొద్దు. ఆ దేశం పోనీయొద్దు. ఒగదాన్ని పంపి పోగొట్టుకుంటి తండ్రీ, దీన్ని పోనీయొద్దు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. వైఫై తీసేస్తే నవ్వుకున్నాను, ఏజెంట్లంటే ఓర్చుకున్నాను. నేను మాట కోసం వెతుక్కుంటున్న ఆ క్షణంలో, తలుపవతల కూర్చుని, నా నోరు పడిపోవాలని దేవుణ్ణి అడిగింది. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. అంత ఏడుపూ రాలేదు.

నవీద్ ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. అధికారి ముఖం మారిపోయింది. పాసవ్వాలని ప్రార్థన అన్నావు, ఇది వేరేలా ఉంది, అన్నాడు. అది నిజంగా మీ అవ్వ గొంతేనా? ఇంకెవరైనానా? పైగా సగంలో ఎందుకు ఆగిపోయింది? ఇందాక నేను చెప్పింది అబద్ధమైపోయింది.

"అమ్మా," అన్నాడు నవీద్ తెలుగులో, "ఆ గొంతు యవరిదో ఆ మనిషే వచ్చి చెప్పాల. లేకుంటే వీళ్లు మోసం కిందే రాసుకుంటారు."

అవ్వ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఆమె గమ్మున ఉంటే చాలు, అడిగిందంతా జరిగిపోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. పిలవడానికి నాకు నోరు రాలేదు.

"ఏమంటాండాడు ఆయప్ప?" అంది అవ్వ.

నవీద్ విన్నాడు. "అవ్వా, నీ మనవరాలు దొంగతనంగా జవాబులు చెప్పించుకున్యాదని వీళ్ల అనుమానం."

దొంగతనం అన్న మాట వినగానే అవ్వ కొంగు తలమీదికి లాక్కుని, నన్ను పక్కకు నెట్టి, లాప్‌టాప్ ముందు కూర్చుంది.

"నాయనా, ఆ గొంతు నాది. రాసుకోమను. పాపకు తెల్దు నేనేం అడిగితినో. మంచికే అడగతాండానని నమ్మె. నా బిడ్డ దొంగ కాదు. చాటుగా అడిగింది నేను, అదీ దేవుణ్ణి." తెర మీదికి వేలు చూపించింది. "ఒగ బిడ్డను దొంగని జైల్లో ఏస్తే, కాదని చెప్పేదానికి నాకు దావ లేకపాయ. ఈ బిడ్డను అంటే నేను ఊరుకోను. చెప్పు వాండ్లకు."

నవీద్ చెప్పాడు. హెలెన్ తల దించుకుంది. అధికారి మాత్రం పట్టిన పట్టు వదలకుండా, సగంలో ఎందుకు ఆపారో అడగమన్నాడు.

అవ్వ నా వైపు చూడకుండా అంది.

"ఆ మాటలు నాకేం తెల్సు నాయనా. ఉన్నట్టుండి రూతమ్మ అనె పాప. వాళ్లమ్మ పేరు. నేను ఈ ఊర్లో ఆ పేరు తలెత్తుకుని చెప్పలేకపోతి ఇన్నేండ్లు. ఇది తెల్లోల్లకు ధైర్యంగా చెప్తాండె. ఇంక దీని నోరు కట్టెయ్యమని నేనెట్ల అడుగుదు?"

నవీద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొదలుపెట్టబోయి, నావల్ల కాదన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పుడు ఆ మాటలు ఇంగ్లీషులో నేనే చెప్పాను.

అధికారి ఏదో టైపు చేసి, మోసం జరగలేదని రాస్తున్నాం, మార్కు అలాగే ఉంటుంది, నువ్వు పాసయ్యావు అన్నాడు. తెర ఆరిపోయింది. ఇద్దరమే మిగిలాం.

"ఏమనె?" అంది అవ్వ.

"పాసంట. సీటు ఉండాదంట."

ఆమె తల ఊపి కూర్చుండిపోయింది. నా కోపం ఇంకా తగ్గలేదు. "నీ ప్రార్థన దేవుడు వినలేదులే," అన్నాను.

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సగమే కదా చేసింది," అంది.