చెల్లని రెండేళ్లు

ఒకే శిక్షను ఒక మనిషి రెండుసార్లు అనుభవించాలని న్యాయస్థానం నిర్ణయించగా నేను కళ్లారా చూశాను. కార్మికులారా, విద్యార్థులారా, అది మీరు కూడా తెలుసుకోవాలి.

నంద్యాలలో అప్పీలు కొట్టివేసిన ఉదయం ఖాజా బోనులో దగ్గుతూ నిలబడి ఉన్నాడు. అతడు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలకు నునుపు పెట్టే కార్మికుడు. రాతిపొడి ఊపిరితిత్తులను తినివేస్తోందనీ, పొడి లేవకుండా కోత యంత్రాలకు నీళ్లు పెట్టించాలనీ అడిగినందుకు అతనిపై రెండు కేసులు వచ్చాయి. కాంట్రాక్టరు షెడ్డును తగులబెట్టాడన్నది మొదటిది. రాస్తారోకోలో పోలీసును కొట్టాడన్నది రెండవది. మొదటి కేసులో బెయిలు ఇవ్వక రెండేళ్లు జైలులో ఉంచి, చివరకు నిర్దోషి అన్నారు. రెండవ కేసులో వేసిన రెండేళ్ల శిక్ష ఆ ఉదయం ఖాయమైంది.

"ఆ రెండేండ్లు నేను ఆడనే ఉంటి కదా సారూ! ఈ శిక్షలోంచి అవి తీసెయ్యరా?" అని ఖాజా తన న్యాయవాది ప్రేమ్ సాగర్‌ను అడిగాడు.

"ఏ కేసులో అరెస్టు చూపిస్తే ఆ కేసుకే తీసేస్తారు. రెండో కేసులో నిన్ను అరెస్టే చూపలేదు."

"జైల్లో ఉండే మనిషిని ఇంగ యాడికొచ్చి అరెస్టు చేస్తారప్పా?" అంది కార్మిక సంఘం నాయకురాలు రామేశ్వరమ్మ.

"కాగితం మీద చెయ్యాలమ్మా. మనమే అడిగి చేయించుకోవాల్సింది."

ఖాజా భార్య మెహరాజ్ ముఖం పాలిపోయింది. "రెండోదాంట్లో మీవాణ్ణి అరెస్టు చూపించంలే" అని, మొదటి కేసులో ఖాజాను పట్టుకున్ననాడు హెడ్డు కానిస్టేబులు చెప్పినప్పుడు, ఒక కేసు తప్పిందని కార్మికులందరూ సంబరపడ్డారు. ఆమె సేమియా వండి అందరికీ పంచింది.

"ఆ హెడ్డుకు గూడా నా చేత్తో పెడితి గదక్కా, చక్కెర ఇంకింత ఏసి!"

"ఊరుకో. అందరం తిన్న్యాం" అంది రామేశ్వరమ్మ.

"పొడి లేని చోటికే పోతాండాలే, మెహరాజ్" అన్నాడు ఖాజా, సంకెళ్లు పడుతుండగా. ఎవరూ నవ్వలేదు.

ఆళ్లగడ్డలో యంత్రాలు నీళ్లు లేకుండా పొడిగానే తిరిగాయి. కార్మికులు మళ్లీ పని ఆపారు. ఈసారి పోలీసులు సమీవుల్లా అనే కార్మికుణ్ణి పట్టుకుపోయారు. అతని మీద కూడా పాత కేసులున్నాయి.

"బెయిలు చూసుకుందాం. పాతవి కదిలించొద్దు, మనకూ చుట్టుకుంటాయి" అన్నాడు నారాయణ. కార్మికులందరిలోకి పెద్దవాడు. "ముగ్గురు బిడ్లుండారు నాకు."

"ఖాజాకు లేరా? కదిలించకుండా దాచుకున్న కేసే గదన్నా వాణ్ణి మింగింది!" అంది రామేశ్వరమ్మ.

అందరూ లేచి స్టేషన్‌కు నడిచారు.

"ఏందీ గుంపు?" అన్నాడు ఎస్సై.

"సమీవుల్లా మీద ఎన్ని కేసులు రాసినారో, అన్నిట్లోనూ ఈ పొద్దే అరెస్టు చూపించండి సార్" అంది రామేశ్వరమ్మ.

ఎస్సై పగలబడి నవ్వాడు. "అందరూ వదలమని వస్తారు. మీరేందమ్మా, పట్టుకోమంటాండారు? ఎండ తగిలిందా?"

"ఆ కేసుల్లో 'సమీవుల్లా, మరికొందరు' అని రాసినారంట. ఆ మరికొందరం మేమే. మమ్మల్నీ చూపించండి."

నవ్వు ఆగిపోయింది. "లాకప్పులో అంత చోటు లేదు. పోండి."

ఎవరూ కదలలేదు. వారిని ధీరులని నేను వర్ణించను. ఇంటి ముందు కాంట్రాక్టరు, వీధి చివర పోలీసు. వెళ్లడానికి వారికి మరో చోటు లేదు.

మెహరాజ్ మెట్టెక్కింది. "రాసుకోండి సార్. మెహరాజ్. మొగుని పేరు ఖాజా, జైల్లో ఉండాడు."

ఎస్సై కలం తీయలేదు. ఆమె వెనుక, గొంతు సవరించుకుని, నారాయణ తన పేరు చెప్పాడు.