మైకులో సుభానీ

సత్తెనపల్లి హైస్కూలు గ్రౌండులో మైకు పెట్టారంటే ఆ వెనక వీధి ఇళ్ళకి గోడలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఎనభై నాలుగులో, మాఘమాసం పొద్దున, ఖాదర్‌బీ పుట్టింటి వసారాలో కూచుని పరుపు కుడుతోంది. వాళ్ళది దూదేకుల ఇల్లు, పెళ్ళిళ్ళ రోజులు, చేతినిండా పని. పక్కనే తల్లి జోహరాబీ దూదిలో గింజ ఏరుతోంది.

"ప్రత్తిపాడు జట్టు... సర్వీస్... సుభానీ!" అంది మైకు.

సుభానీ అంటే ఖాదర్‌బీ మొగుడు. పోయి ఐదు నెలలు దాటింది.

జోహరాబీ చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. "ఏమే, విన్నావా?"

"విన్నా."

"మీ ఆయన పేరేనే!"

"ఆఁ," అని ఖాదర్‌బీ ఇంకో కుట్టు వేసింది.

అట్లా అయిపోయింది ఆ పిల్ల. భాద్రపదంలో సుభానీ పత్తికి మందు కొట్టడానికి పోయాడు. గాలి ఎదురు తిరిగి జల్లంతా మొహాన పడింది. ఇంటికొచ్చి తల తిరుగుతోందని పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. వచ్చిన ఆడవాళ్ళు "ఏడవ్వే, ఏడిస్తే తేలికవుతుంది" అని భుజం పట్టుకుని ఊపారు. ఏడుపొస్తే కదా! లోపల ఎవరో దూది కూరి కూరి మూతి కుట్టేసినట్టు ఉంది ఆమెకి. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. మొగుడు పోయినవాళ్ళు గడప దాటకూడని గడువు, నాలుగు నెలల పది రోజులూ, గదిలో అట్లాగే గడిపింది. తరవాత తల్లి సత్తెనపల్లి తీసుకొచ్చి సూది చేతికిచ్చింది.

మైకు ఇంకో రెండుసార్లు సుభానీ అంది. తరవాత గ్రౌండులో ఏదో గోల లేచి, ఆట ఆగిపోయింది.

కాసేపటికి శేషాచలం మాస్టారు పరుగులాంటి నడకతో వచ్చాడు. ప్రత్తిపాడు డ్రిల్లు మాస్టారు, అక్కడి బాల్ బ్యాడ్మింటన్ జట్టుని పెంచిన చెయ్యి ఆయనది. కండువాతో మొహం తుడుచుకుంటూ, "అమ్మా ఖాదర్‌బీ, ఒక్కసారి గ్రౌండుకి రావాలమ్మా. నా పరువు నీ చేతిలో ఉంది," అన్నాడు.

"ముందు ఆ మైకు సంగతి చెప్పండి మాస్టారూ," అంది జోహరాబీ. "పోయినవాడు ఎట్లా ఆడుతున్నాడు?"

ఆయన అరుగు మీద చతికిలబడి చెప్పాడు. ఆషాఢంలో అసోసియేషన్‌కి జట్టు పేర్లు రాసి పంపారు. ఫోటోలు అంటించి, ముద్రలేసి, కార్డులొచ్చాయి. సుభానీ పోయేసరికి పేర్లు మార్చే గడువు దాటిపోయింది. ఐదుగురు లేందే ఆట లేదు. అందుకని సుభానీ తమ్ముడు బుడేని ఆ కార్డుతోనే దింపాడు. అన్నదమ్ములిద్దరూ ఒక అచ్చులో పోసినట్టుంటారాయె!

"ఫైనల్ సగంలో ఉండగా చీమకుర్తి కెప్టెన్ ఆదాం కాగితం పెట్టాడమ్మా, వీడు సుభానీ కాదని. భార్య ఈ ఊళ్ళోనే ఉందని ఎవరో అన్నారు. ఆమెనే పిలవండి, అడుగుదాం అన్నారు సెక్రటరీగారు. నువ్వొచ్చి 'ఈయన మా ఆయనే' అంటే చాలు."

"ఏంటీ! మరిదిని పట్టుకుని మొగుడనాలా?"

"పెద్దలు ఎట్లాగూ ఆ ముడే వెయ్యాలని చూస్తున్నారు కదా జోహరాబీ. నాలుగు రోజులు ముందుగా అన్నట్టు..."

"మాస్టారని చూస్తున్నా గానీ, లేకపోతే ఈ దూదేకే విల్లు తీసి నడ్డి మీద ఒకటి ఇచ్చేదాన్ని!"

ఖాదర్‌బీ మాత్రం సూది పరుపులో గుచ్చి, పైట తల మీదికి లాక్కుని లేచి నిలబడింది. రమ్మన్నారు, వెళుతోంది. అంతే.

దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. "మా చిన్నప్పుడు ఈ కార్డులెక్కడివమ్మా! ఊలుబంతి ఒకటి, బ్యాట్లు పది. ఎండుగడ్డి తాడు కట్టి అదే వల అనుకునేవాళ్ళం. ఐదో మనిషి తక్కువైతే పెళ్ళిపీటల మీంచి పెళ్ళికొడుకుని లాక్కొచ్చి ఆడించాం ఒకసారి. ఎవరూ నువ్వెవరని అడగలేదు. తరవాత రూల్సు పుస్తకం వచ్చింది, టేపు పెట్టి కొలిచి సున్నపు గీతలు వచ్చాయి, అంపైర్లకి పరీక్షలొచ్చాయి. జిల్లాకో అసోసియేషన్ ఉండాలని కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. దొంగ మనుషుల్ని దింపకుండా ఫోటో కార్డు పెట్టాలని మీటింగులో లేచి చెప్పిందీ నేనే." అక్కడ ఆగి గొంతు సవరించుకున్నాడు. "నిజం బయటపడితే జట్టుకి రెండేళ్ళు ఆట లేదు. బుడేగాణ్ణి జిల్లా జట్టులోకి తీసుకునేట్టున్నారు. అదీ పోతుంది."

"బుడే అనే రాస్తారా, జిల్లా జట్టులో?" అంది ఖాదర్‌బీ.

మాస్టారు కండువా సర్దుకుని నడక పెంచాడు.

గ్రౌండులో షామియానా కింద బల్ల. బల్ల వెనక సెక్రటరీ రాధాకృష్ణమూర్తిగారు. ఎదురుగా బుడే, అన్న కాన్వాసు బూట్లు వేసుకుని, తల వంచుకుని. పక్కన ఆదాం, రాళ్ళ క్వారీ మేస్త్రీ, తలుపంత మనిషి.

"ఆరేళ్ళు ఆడానండీ సుభానీతో," అంటున్నాడు ఆదాం. "ఎడంచేతివాడు. బంతి ఎటు పోతుందో వాళ్ళ అమ్మకి కూడా తెలీదు. వీడేమో కుడిచేత్తో దంచుతున్నాడు. ఏరా, సుభానీ ఎక్కడ దాక్కున్నాడు? పెళ్ళాం చాటునా? పిలవండి, ఒక్క సర్వీసు ఎడంచేత్తో కొట్టమనండి, నేను నోరు మూసుకుంటా!"

చుట్టూ జనం నవ్వారు. బుడే ఇంకా వంగిపోయాడు. వదినని చూసి, "నువ్వెందుకొచ్చావు వదినా..." అనబోయి 'వ' దగ్గరే మింగేశాడు.

సెక్రటరీగారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. కార్డు ఆమె ముందుకి జరిపాడు. అందులో సుభానీ, దువ్విన తల, కాస్త పక్కకి చూస్తూ.

"అమ్మా, ఈ ఫోటోలో ఉన్నది మీ ఆయనేనా?"

"అవునండి."

"ఇక్కడ నిలబడ్డది?"

ఖాదర్‌బీ బుడేని చూసింది. అచ్చం అట్లాగే ఉన్నాడు. అవునంటే సరిపోతుంది. మాస్టారి పరువు నిలుస్తుంది, ఈ పిల్లాడికి ఆట దక్కుతుంది. రేపు ఇంకో ఊళ్ళో, ఎల్లుండి ఇంకో ఊళ్ళో, మైకులో సుభానీ అని పిలుస్తూనే ఉంటారు.

ఈ ఐదు నెలల్లో పోయాడమ్మా, పోయాడమ్మా అని వచ్చి ఆమెకి చెప్పినవాళ్ళే అందరూ. ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఆ మాట ఆమె నోట ఒక్కసారీ రాలేదు.

"ఈ అబ్బాయి బుడే," అంది. "మా మరిది. మా ఆయన చచ్చిపోయాడండి. భాద్రపదంలో. పత్తికి మందు కొట్టి."

తూకంలో పత్తి ఎన్ని మణుగులో చెప్పినట్టు చెప్పింది.

నవ్వేవాళ్ళ నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. మాస్టారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆదాం బ్యాటు చంకలో ఉన్నదల్లా జారి కింద పడింది, తీసుకోలేదు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "దేవుడి తోడు, తెలీదు. ఎగ్గొట్టి ఎక్కడో ఉన్నాడనుకున్నా." సెక్రటరీ వైపు తిరిగి, "నా కాగితం నాకిచ్చెయ్యండి. ఆడనివ్వండి. సుభానీ పేరుతోనే ఆడనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

రాధాకృష్ణమూర్తిగారు కలం మూత పెట్టాడు, తీశాడు. మాస్టారి కళ్ళలో ఆశ కదిలింది.

"వద్దండి," అంది ఖాదర్‌బీ. "కొట్టెయ్యండి ఆ పేరు."

ఆయన ఎర్ర కలంతో గీత గీశాడు. తరవాత బుడేని, "పూర్తి పేరు చెప్పు బాబూ," అని అడిగి, రెండేళ్ళు ఆడరాదన్న కాగితంలో రాసుకున్నాడు. అసోసియేషన్ కాగితాల్లో బుడే పేరు ఎక్కడం అదే మొదలు. వాడు ఒక్కో అక్షరం పడుతుంటే వంగి చూశాడు. ఆ తరవాతే వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్న శవం దగ్గర కూడా అంత ఏడవలేదు వాడు. ఖాదర్‌బీ వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. తనకేమైనా వస్తుందేమోనని చూసుకుంది. ఏమీ రాలేదు.

చీమకుర్తి గెలిచినట్టు మైకు చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కప్పు తీసుకోకుండానే ఆదాం వచ్చి ఆమె కుర్చీ ముందు నేల మీద గొంతుక్కూచున్నాడు.

"గొప్ప ఆటగాడమ్మా," అన్నాడు.

"మీతో ఎన్నిసార్లు ఆడాడు?"

"పదకొండు."

"ఎన్ని గెలిచాడు?"

ఆదాం మొహమాటపడ్డాడు. "రెండమ్మా."

ఖాదర్‌బీ కాసేపు ఆ సున్నపు గీతల వైపు చూసింది.

"చీమకుర్తి మీద ఆడొచ్చినప్పుడల్లా గెలిచామనే చెప్పేవాడు," అంది. "నేను ప్రతిసారీ సేమ్యా వండి పెట్టాను."