ఉల్మ్ నుంచి ఉమ్మడానికొచ్చినావిడ

హోటల్లో పొద్దుటి ఫలహారం దగ్గర లోటార్ బన్నును రెండు చెక్కలుగా చీల్చి, ఒక చెక్క మీద పచ్చి పందిమాంసం ఖీమా ఒత్తి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లుకుని, నోరు బార్లా తెరిచాడు. రెండో చెక్కకి ఆయన భార్య రోస్‌వితా వెన్న రాస్తోంది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక్క చిల్లు కూడా కనపడకుండా రాస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన రొట్టెకి వెన్న ఆవిడే రాస్తుంది. ఉల్మ్‌లో అయినా అంతే, సెలవులకి జర్మనీ ఆ చివరనున్న బ్రేమెన్ వచ్చినా అంతే.

తినడం అయ్యాక లోటార్ నాలుకతో పళ్ళ సందులన్నీ తడుముకుని "చ్చ్" అని పీల్చాడు. జేబులోంచి గళ్ళ రుమాలు తీసి, రేవులో ఓడ కూత వేసినట్టు ముక్కు చీదాడు. చీది ఊరుకోలేదు. రుమాలు విప్పి లోపల ఏముందో చూసుకున్నాడు. చూసుకున్నది నచ్చినట్టే ఉంది, మడతలు పెట్టి మళ్ళీ జేబులో దాచుకున్నాడు.

రోస్‌వితా కిటికీ వైపు తిరిగి కాఫీ తాగింది. కాఫీతో పాటు నోట్లో ఊరినదంతా మింగింది. మింగడం ఆవిడకి బాగా అలవాటు.

ఇదంతా చెబుతున్న నేనేదో శుచిగా తినేవాణ్ణని అనుకోకండి. నా ఎదురుగా కూర్చుని ఒకసారి భోంచేసినవాళ్ళు రెండోసారి పక్క బల్ల వెతుక్కుంటారు. కాబట్టి లోటార్ మీద నాకేమీ ఫిర్యాదు లేదు. ఫిర్యాదు రోస్‌వితాది.

అది చిన్న ఫిర్యాదు కాదు. ఉల్మ్‌లో వాళ్ళింటి నేలమాళిగ మెట్ల కింద ఎలుకల మందు డబ్బా ఒకటి ఉంది. లోటారే కొన్నాడు. ఎలుకలు ఎప్పుడో పోయాయి, డబ్బా ఉండిపోయింది. మెట్ల కింద అన్నిటి మీదా దుమ్ముంది గానీ దాని మీద లేదు. రోస్‌వితా కిందికెళ్ళి దాన్ని గుడ్డతో తుడిచి, మూత బిగుతుగా ఉందో లేదో చూసి, పైకొచ్చి, చేతులు కడుక్కుని, లోటార్ రొట్టెకి వెన్న రాసేది. ఇప్పటిదాకా అంతకు మించి ఏమీ జరగలేదు.

సెలవులకి బ్రేమెన్ వెళదామన్నది ఆవిడే. అక్కడ గాడిద విగ్రహం ఉందనీ, చూసొద్దామనీ చెప్పింది. లోటార్‌కి గాడిదలంటే ఇష్టం, సరేనన్నాడు. ఆవిడ వచ్చింది గాడిద కోసం కాదు. పెద్ద చర్చి పక్కన, నేల మీద పరిచిన రాళ్ళ మధ్య శిలువ గుర్తున్న రాయి కోసం.

రెండొందల ఏళ్ళ కిందట ఈ ఊళ్ళో ఒకావిడ ఎలుకల కోసం అమ్మే విషపు వెన్నతో కన్నవాళ్ళని, కట్టుకున్నవాళ్ళని, కడుపున పుట్టినవాళ్ళని వరసగా సాగనంపింది. వాళ్ళు మంచాన పడితే మళ్ళీ తనే సేవ చేసేది. ఎంత మంచి మనిషో అని ఊరంతా మురిసిపోయేది. చివరికి పట్టుకుని ఆ చర్చి ముందు తల తీశారు. ఆ తల దొర్లిన చోట రాయి వేశారు. ఆనాటి నుంచి దాని పక్కగా వెళ్ళేవాళ్ళు తూ అని ఉమ్మి వెళతారు.

ఉమ్మి మాత్రం రాయి మీద పడదు. ఉమ్మినవాళ్ళకి నిజంగా ఎవరి మీద రోత ఉందో వాళ్ళ మీద పడుతుంది, వాళ్ళు ఎంత దూరాన ఉన్నా సరే. ఊళ్ళో వాళ్ళు దాన్ని వాన కింద జమకట్టుకుంటారు. హాంబుర్గ్ జట్టుతో ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజున హాంబుర్గ్ జనం గొడుగులు వేసుకుని తిరుగుతారు. ఇక్కడి అత్తగార్ల చేతిసంచుల్లో చిన్న తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. నేను ఈ ఊరికొచ్చిన కొత్తలో ఉమ్మితే అది నా బూటు మీదే పడింది. మా ఆవిడ ఉమ్మితే అదీ నా బూటు మీదే పడింది. మా ఇద్దరికీ ఒకే అభిప్రాయం ఉన్న సంగతి అదొక్కటే.

రోస్‌వితా లెక్క తేలికైనది. తను ఉమ్ముతుంది. అది లోటార్ ముఖాన పడుతుంది. నలుగురి ముందు రుజువైపోతుంది. ఆ తర్వాత ఇంటికెళ్ళి మెట్ల కింద మూత తీసినా తన తప్పేమీ ఉండదు. పడకపోతే ఏమిటన్నది ఆవిడ ఆలోచించలేదు. ఎందుకు పడదు?

ముందు గాడిద దగ్గరికి వెళ్ళారు. దాని ముందుకాళ్ళు పట్టుకుని ఏదైనా కోరుకుంటే జరుగుతుందంటారు. ఎన్ని చేతులు తాకాయో, ఆ కాళ్ళు బంగారంలా మెరుస్తున్నాయి. లోటార్ ఒక చేతిలో ఆవాల ముద్ద పూసిన సాసేజి పట్టుకుని, రెండో చేత్తో గాడిద కాలు పట్టుకున్నాడు.

అక్కడే సాసేజిలు కాల్చి అమ్ముతున్నవాడు కేకేశాడు. "రెండు చేతులతో పట్టుకోవాలండీ! ఒక చేత్తో పట్టుకుంటే ఒక గాడిద ఇంకో గాడిదకి చేయి కలిపినట్టు!"

"పోనీలే బాబూ, దానికి మాత్రం తోడొద్దా?" అన్నాడు లోటార్. అని, గాడిద కాలు వదిలి, అదే చేతి వేలితో పెదవి మీద కారిన ఆవాల ముద్ద తీసి నాక్కున్నాడు.

"లోటార్! ఆ చెయ్యి!"

"ఏం? తళతళలాడుతోందిగా, ఎంత శుభ్రంగా ఉందో చూడు."

"అందరూ ముట్టుకున్నది!"

"మరి అందరూ బాగానే ఉన్నారుగా," అని లోటార్ బొటనవేలు కూడా నాకాడు.

మధ్యాహ్నం భోజనానికి లాప్స్‌కౌస్ చెప్పాడు. ఉప్పులో ఊరిన గొడ్డుమాంసం, బంగాళాదుంప, బీట్‌రూట్ కలిపి మెత్తగా మెదిపి, పైన గుడ్డు, పక్కన పుల్లటి చేప పెడతారు. ఆ ముద్ద గులాబీ రంగులో పళ్ళెం మీద చతికిలబడి ఉంది. రోస్‌వితా చెంచా ముట్టుకోకుండా కాసేపు చూసింది.

"ఎవరో తినేసి మనకి పెట్టినట్టుంది," అంది.

"అయితే నమిలే పని తప్పింది," అన్నాడు లోటార్. గుడ్డు పగలగొట్టి, పసుపుపచ్చటి సొన గులాబీ ముద్దలో కలిపి, చేపతోక నోటి బయట వేలాడుతుండగా ఆవిడ వైపు చూసి నవ్వాడు. "నీకిష్టమైన ఊరు అన్నావు. బాగుంది."

రోస్‌వితా నాలుగు చెంచాలు మింగింది. నోరు తడిగా ఉండాలిగా.

చర్చి దగ్గర ఊరు చూపించే హిల్కె అనే ఆవిడ వానకోటు వేసుకుని నిలబడి ఉంది. వాన లేదు. ఎదురుగా ఓ గుంపు, గుంపు మధ్యలో ఆ రాయి, దాని చుట్టూ ఎండిన నేల.

"తువ్వాలు కావలసినవాళ్ళు ముందే తీసుకోండి," అంటోంది హిల్కె. "మీవాళ్ళు ఇంటి దగ్గర అన్నం తింటున్న వేళేమో ఒకసారి ఆలోచించుకోండి, తర్వాత నన్ననొద్దు. భార్యాభర్తలు కాస్త ఎడంగా నిలబడండి, పక్కవాళ్ళ మీద చిందుతుంది. ఊఁ, ఎవరు ముందు?"

కాసెల్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ఒకాయన ముందుకొచ్చి, గొంతు సవరించుకుని ఉమ్మాడు. రాయి పొడిగానే ఉంది. అందరూ ఎదురు చూశారు. ఆయన ఫోను మోగింది.

"ఒరేయ్ బావా, నువ్వేనా?" ఫోనులో అరుపు గుంపంతటికీ వినపడింది. "సూప్‌లో పడిందిరా!"

"సూప్ వేడిగా ఉందా?"

"ఉంది!"

"అయితే ఏం కాదులే, తాగేయ్," అని డాక్టరు ఫోను పెట్టేశాడు. ఆయన నడకలో హుషారు వచ్చింది.

తర్వాత వంతు రోస్‌వితాది. ముందుకి అడుగేస్తూ ఆవిడ లోటార్ వైపు చూసింది. లోటార్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. రెండో చేతిలో గళ్ళ రుమాలు సిద్ధంగా ఉంది.

"అదెందుకు తీశావు?"

"నీ వంతు కదా. హోటల్లో కరపత్రం ఉంటే చదివాను."

"ఏం చదివావు?"

"ఏముందీ," అన్నాడు లోటార్, కళ్ళద్దాలు లేక కళ్ళు చికిలిస్తూ. "నువ్వు కానీ. అద్దాలైతే మరకలు పడతాయని తీశాను, అంతే."

రోస్‌వితా కళ్ళు మూసుకుంది. పొద్దుటి "చ్చ్" అన్న చప్పుడు, రుమాలు విప్పి చూసుకోవడం, స్నానాల తొట్టి అంచున వదిలేసే కాలిగోళ్ళ ముక్కలు, వాసన చూసి మళ్ళీ తొడుక్కునే మేజోళ్ళు, చేపతోక. ఇన్నాళ్ళూ మింగినదంతా గొంతులోకి తెచ్చుకుని, ఒళ్ళంతా ఊగేలా ఉమ్మింది.

కళ్ళు తెరిచి చూస్తే లోటార్ ముఖం పొడిగా ఉంది. రాయి పొడిగా ఉంది. గుంపులో ఎవరూ తుడుచుకోవడం లేదు. అప్పుడు తెలిసింది, తన ఎడమ చెంప మీద ఏదో గోరువెచ్చగా జారుతోందని. బీట్‌రూట్, ఉప్పుమాంసం వాసన.

"మీ మీదే పడిందండీ," అంది హిల్కె, రైలు ఆలస్యమని చెప్పినంత మామూలుగా. "జరుగుతూనే ఉంటుంది. ఇటు ఎండలోకి రండి, ఆరిపోతుంది. తర్వాత ఎవరు?"

లోటార్ గబగబా వచ్చి రుమాలుతో ఆవిడ చెంప తుడిచాడు. ఆ రుమాలుతోనే. అందులో అట్టకట్టిన చోటు చర్మానికి గరుగ్గా తగిలింది.

"ఇది పొద్దుటిదేనా?" అంది రోస్‌వితా, ఊపిరి బిగబట్టి.

"నిన్నటిది. పొద్దుటిది లోపలికి తిరగేసి మడతపెట్టాలే."

ఆవిడ ముఖం తిప్పుకుంది. అయితే అది రుమాలు వల్ల కాదు. ఆ రుమాలు ముఖానికి తగలగానే ఇంకో గుడ్డ గుర్తొచ్చింది, డబ్బా తుడిచే గుడ్డ. దాన్ని ప్రతిసారీ ఉతికేది. ఇస్త్రీ చేసేది. అంచుకి అంచు కలిపి మడతపెట్టి, లావెండరు పూల సంచి పక్కన దాచేది. ఆ తెల్లటి గుడ్డ మడత కళ్ళముందు మెదిలేసరికి రోస్‌వితా చర్చి గోడ పట్టుకుని, తిన్న నాలుగు చెంచాలూ కక్కేసింది.

"చేపే," అన్నాడు లోటార్ ఆవిడ వీపు రాస్తూ. "నాకూ కాస్త పుల్లగానే అనిపించింది. ఉండు, నా వంతు కూడా కానిచ్చేసి హోటలుకి పోదాం."

రాయి దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుని, దాన్ని వంగి చూశాడు.

"ఇంట్లోవాళ్ళకేనా పెట్టింది?" అని హిల్కెని అడిగాడు.

"ఇంట్లోవాళ్ళకే ఎక్కువ."

"రొట్టె మీద వెన్నలోనా? తన చేత్తో రాసిన వెన్నలోనా? ఛీ!" అన్నాడు లోటార్. "తూ!"

ఉమ్మి తిన్నగా వెళ్ళి శిలువ మధ్యలో పడింది.

హిల్కె వంగి చూసింది. రాయి తడిసి నల్లబడింది. వానకోటు అంచుతో దాన్ని తుడవబోయి, ఎందుకో తుడవకుండా లేచింది. "పోదాం పదండి, ఇంకా గంటల గోపురం చూడాలి," అంది. గుంపు కదిలింది. గోడ దగ్గర నిలబడ్డ రోస్‌వితా మాత్రం ఆ తడిని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ మనిషి తన చేతి రొట్టె ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చూడకుండా తిన్నాడు.

మర్నాడు పొద్దున ఫలహారం బల్ల దగ్గర లోటార్ బన్ను చీల్చి ఒక చెక్క ఆవిడ వైపు జరిపాడు. రోస్‌వితా కత్తి అందుకుంది. వెన్న తీసింది. తీసి, కత్తిని అలాగే ఆయన పళ్ళెంలో పెట్టేసింది.

"నువ్వే రాసుకో."

"నేనా?"

"ఈ రోజు నుంచి."

లోటార్ రాసుకున్నాడు. ఒకచోట గుట్ట, ఒకచోట చిల్లు. కత్తి రెండు వైపులా నాకి, ఆ కత్తినే మళ్ళీ వెన్నలో గుచ్చాడు. రోస్‌వితాకి నిన్నటంత రోతే పుట్టింది, వీసం తగ్గలేదు. ఇంత రోత పెట్టుకుని, ఆ డబ్బా ఉన్న ఇంటికి తను వెళ్ళకూడదని తేలిపోయింది.

రైల్వే స్టేషన్లో ఆవిడ తన పెట్టె వేరుగా పెట్టుకుంది.

"ఉల్మ్ రైలు అటు," అన్నాడు లోటార్.

"నేను ఓల్డెన్‌బుర్గ్ వెళుతున్నాను. హైడ్రూన్ దగ్గరికి."

"చెల్లెలికి బాగోలేదా?"

"బానే ఉంది. నాకే బాగోలేదు."

లోటార్ బూట్ల వంక చూసుకున్నాడు. "చేపా?"

"కాదు లోటార్."

"ఎప్పుడొస్తావు?"

"రాను."

ఆయన నాలుకతో పన్ను తడుముకున్నాడు గానీ పీల్చలేదు. "నా ముఖాన పడలేదుగా రోస్‌వితా," అన్నాడు.

"అందుకే వెళుతున్నాను." ఆవిడ రైలెక్కి, మెట్టు మీంచే వెనక్కి తిరిగింది. "మెట్ల కింద ఎలుకల మందు డబ్బా ఉంది. వెళ్ళగానే మందులు పారేసే చోట ఇచ్చేసి రా. పక్కన లావెండరు సంచి దగ్గర ఒక తెల్ల గుడ్డ ఉంటుంది. దాన్ని కాల్చేయ్."

"మళ్ళీ ఎలుకలొస్తే?"

"రానీ."

రైలు కదిలింది. లోటార్ జేబులోంచి గళ్ళ రుమాలు తీసి ఊపాడు. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆపి, అందులో బిగ్గరగా ముక్కు చీది, విప్పి చూసుకుని, మళ్ళీ ఊపాడు.

"ఛీ," అనుకుంది రోస్‌వితా, కిటికీ లోంచి చూస్తూ. అనుకుని, ఎడమ చెంప తడిమి చూసుకుంది.

పొడిగా ఉంది.