చూపించే అర అడుగు

మొగుణ్ణి తూకం వేయించి అప్పగించే ఖర్మ ఏ ఆడదానికీ పట్టకూడదని ఆమె అభిప్రాయం. నిన్న బాక్సింగ్ ఆటలు పెట్టే కంపెనీవాళ్ల తూకంలో రెండు వందల గ్రాములు ఎక్కువొచ్చాడని, ఆ మహానుభావుడు ఇంట్లో ఉన్న మూడు కంబళ్లూ కప్పుకుని, స్టవ్ పక్కన కూర్చుని చెమట కార్చాడు. "ఆస్పత్రి దుప్పట్లు రోజుకి నాలుగొందలు ఇస్త్రీ చేస్తోంది, ఈ మూడూ ఉతకడం దానికో లెక్కా అనుకున్నట్టున్నాడు," అని ఆమె లాండ్రీలో అంటే తోటివాళ్లు పగలబడి నవ్వారు. అలా నవ్వించి, అరపూట జీతం వదులుకుని, సాయంత్రం నాలుగింటికి వచ్చి హాల్లో మూడో వరుసలో కూర్చుంది.

హాలు నిండలేదు. పెద్ద ఆట ఏడింటికి. నాలుగింటి ఆటకి వచ్చేది ఆటగాళ్ల చుట్టాలు, చల్లగా ఉంటుందని వచ్చినవాళ్లు.

వాళ్లింట్లో అమెచ్యూర్ బాక్సింగ్‌ని పతకాల ఆట అనీ, ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని టికెట్ల ఆట అనీ అంటారు. పతకాల ఆటలో అతను తొమ్మిదేళ్లలో పదకొండు బంగారు పతకాలు తెచ్చాడు. వాటిని చూసే కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. నెలకి పద్దెనిమిది వేలు, టోర్నమెంటు ఉంటే సెలవు. "ఫైళ్లకి దారం కట్టడానికా నిన్ను తయారు చేసింది?" అని కోచ్ ఆ ఉద్యోగం మాన్పించాడు. ఆ కోచ్ ఆమె తండ్రే. అల్లుణ్ణి ప్రాక్టీసు షెడ్డులో "ఒరేయ్" అంటాడు, భోజనాల దగ్గర "బాబుగారూ, మారు వడ్డించుకోండి" అంటాడు.

టికెట్ల ఆటలో ఇవాళ్టిది అయిదోది. మొదటిది గెలిచాడు. తర్వాత వరసగా మూడు పోయాయి. ఇది కూడా పోతే ఒప్పందం ప్రకారం కంపెనీ తన జాబితాలోంచి అతని పేరు కొట్టేస్తుంది. ఆ జాబితా తప్ప అతనికి ఇప్పుడు వేరే ఉద్యోగం లేదు.

రింగులో ఎదుటి మూలలో ఉన్నది గోడౌన్లో బస్తాలు మోసే మనిషి. అందరూ 'బస్తా' అనే పిలుస్తారు. పతకాల ఆటలో ఆమె మొగుడు వాణ్ణి రెండుసార్లు ఓడించాడు. రెండోసారి వాడికి ఒక్క పాయింటు కూడా రాలేదు. "మన బస్తానే అమ్మాయ్! వాడికి కాళ్లే కదలవు," అని పొద్దున్న నాన్న సంబరపడ్డాడు.

కదలవన్నది నిజమే. మొదటి రెండు రౌండ్లూ ఆమె మొగుడు వాడి చుట్టూ ఈగలా తిరిగాడు. ఎడమచెయ్యి చటుక్కున వెళ్లి వాడి ముక్కుని తాకేది. తాకగానే అర అడుగు వెనక్కి వేసి నిటారుగా నిలబడేవాడు. ఆ అర అడుగు నాన్న పెట్టిన విద్య. పతకాల ఆటలో దెబ్బ ఎంత గట్టిగా తగిలిందని ఎవరూ అడగరు, శుభ్రంగా తగిలిందా అనే చూస్తారు. తగిలినట్టు జడ్జీల కళ్లకి కనబడాలి, అప్పుడే వాళ్లు బటన్ నొక్కుతారు. అందుకని షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీత గీసి, "తాకు, వెనక్కి రా, చూపించు" అని పన్నెండో ఏటి నుంచీ అతనికి నూరిపోశాడు. అక్కడ మూడే రౌండ్లు, తలకి మెత్తటి టోపీ, చేతులకి లావుపాటి గ్లవ్స్. పదకొండు బంగారాలూ ఆ అర అడుగు సంపాదించినవే.

ఇక్కడ టోపీ లేదు, గ్లవ్స్ పల్చన, రౌండ్లు ఆరు. ముక్కు మీద పడ్డ దెబ్బలన్నిటినీ బస్తా మోసుకుంటూనే ముందుకొచ్చాడు. మోయడం వాడికి కొత్త కాదు. మూడో రౌండు చివర అతను తాకి, వెనక్కి వచ్చి, చూపిస్తూ నిలబడ్డాడు. బస్తా కూడా అర అడుగు ముందుకేసి డొక్కలో గుద్దాడు. తడిదుప్పటిని బండకేసి కొట్టినట్టు ఆ చప్పుడు ఆమెదాకా వినిపించింది.

గంట మోగింది. పతకాల ఆటైతే అక్కడితో సరి. అతని ఒంటికి ఆ సంగతి బాగా గుర్తుంది. మూడో గంట వినగానే భుజాలూ కాళ్లూ వాటంతటవే సడలిపోయాయి.

ఆమె లేచి రింగు మూలలో ఉన్న నాన్న దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, ఆ వెనక్కి రావడం మానెయ్యమను."

"నువ్వెళ్లి ఇస్త్రీ చూసుకో. పాయింట్లన్నీ మనవే."

"పాయింట్లెవరిక్కావాలి? వాడు దానికోసమే కాచుక్కూచున్నాడు. ఇస్త్రీ చేసుకునేదానికి కనబడింది, నీకు కనబడలేదా?"

"ఒరేయ్, అది చెప్పింది వినకు. తాకు, వెనక్కి రా."

అతను నోట్లో నీళ్లు ఉమ్మేసి ఆమె వంక చూశాడు. "ఎలా మాననే? నేను వేస్తే కదా? దానంతటదే పడుతోంది."

నాలుగో రౌండులో అతను గట్టిగా కొట్టాలని చూశాడు. తాకడమే తప్ప కొట్టడం ఎరగని కుడిచెయ్యి బస్తా నుదుటికి తగిలి పటుక్కుమంది. అయిదో రౌండులో ఎడమచెయ్యి ఒక్కటే మిగిలింది. తాకాడు. వెనక్కి వచ్చాడు. డొక్కలో రెండు, దవడ మీద ఒకటి. మోకాళ్ల మీద కూలబడి, జడ్జీలున్న వైపు చూస్తూ ఉండిపోయాడు. రిఫరీ పది లెక్కపెట్టేశాడు.

బట్టలు మార్చుకోమని చూపించిన గదిలో విరిగిన కుర్చీలు పేర్చి ఉన్నాయి. ఆమె మంచుముక్కల సంచీ అతని కుడిచేతికి పట్టి కూర్చుంది. నాన్న గోడవైపు తిరిగి టవళ్లు మడతపెడుతున్నాడు. కంపెనీవాడు ఆరు వేలున్న కవరు, ఒక కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఏం ఫర్లేదు చాంపియన్‌గారూ. ఈ జాబితాలో పేరు పోతే ఇంకో జాబితా ఉంది. మా దగ్గర కొత్త కుర్రాళ్లున్నారు. పదకొండు బంగారాలవాణ్ణి పడగొట్టాడని పోస్టర్ల మీద వేసుకుంటే వాళ్లకి పేరొస్తుంది. నెలకో ఆట, ఆటకి తొమ్మిది వేలు."

"అంటే ఓడిపొమ్మంటున్నారా?" అంది ఆమె.

"అయ్యయ్యో, ఎంత మాట! అలా అడిగితే నేరమమ్మా. మామూలుగా ఆడమనండి, చాలు."

ఆమె మొగుడివైపు తిరిగింది. "సంతకం పెట్టకు. రేపు కరెంటాఫీసుకి వెళ్లి అడుగుదాం."

"పోయిన నెలే వెళ్లొచ్చాను. నీకు చెప్పలేదు. నా కుర్చీలో రెండొందల మీటర్లు పరిగెత్తేవాడు కూర్చున్నాడు."

"పోనీ, ఇంకేదన్నా పని..."

"ఇంకేం పని వచ్చు నాకు?"

అతను కలం అందుకోబోయాడు. వాచిన కుడిచేతి వేళ్లు ముడుచుకోలేదు. కంపెనీవాడు ఏమీ ఆశ్చర్యపోకుండా జేబులోంచి సిరా డబ్బీ తీసి మూత తెరిచాడు. ఇలాంటి చేతులు వాడు చాలా చూసినట్టుంది. నాలుగేళ్లు ఫైళ్ల మీద సంతకాలు చేసిన గుమాస్తా ఎడమచేతి బొటనవేలు ముంచి, కాగితం మీద ఒత్తాడు.

నాన్న మడతపెట్టిన టవలొకటి విప్పి, అల్లుడి ముందు కూర్చుని, ఆ వేలు తుడవసాగాడు. సిరా పోలేదు.

"రెండో ఆటలోనే చూశాను," అన్నాడు.

"ఏంటి మావయ్యా?"

"నువ్వు ఆగేచోట వాళ్లు కొడుతున్నారని. దాన్ని మాన్పించడం నాకు రాదు. వేరే ఆట నాకూ తెలీదు. తెలీదని చెప్పడానికి నోరు రాక, ఇంకోసారి చూద్దాం, ఇంకోసారి చూద్దాం అని ఇక్కడిదాకా లాక్కొచ్చాను."

సిరా ఆరడానికి కంపెనీవాడు కాగితాన్ని ఊదుకుంటున్నాడు.

"తప్పు నీది కాదురా," అన్నాడు నాన్న, వేలు వదలకుండా. "తప్పు నాది."